కత్తెరమ్మ కట్టిన కోళ్ళగూడు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలియదు. ఒకసారి జనాభా లెక్కలవాళ్ళు వచ్చి పేరు పెట్టి అడిగితే, ఎదురింటావిడ "అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరండీ" అని నిక్కచ్చిగా చెప్పి పంపించేసింది. పాపం వాళ్ళు వీధి చివరిదాకా వెళ్ళాక అక్కడెవరో "కుట్టుపని చేసే ఆవిడా? కత్తెరమ్మ అనండి మరి!" అంటే మళ్ళీ కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చారు. ఇందులో ఎదురింటావిడ తప్పేమీ లేదు. కత్తెరమ్మను కత్తెరమ్మ అని అడగకపోతే ఎవరు మాత్రం ఏం చెబుతారు?

చిన్నవయసులోనే ఆవిడ మొగుడు పోయాడు. చంకలో కొడుకు, మెట్ల కింద ఒక ఇరుకు గది, కాలితో తొక్కే మిషను, ఇవీ ఆవిడకి మిగిలినవి. ఏడుస్తూ కూర్చునే తీరిక లేక ఆ మిషను మీదే కొడుకుని పెంచింది, చదివించింది, పెళ్ళి చేసింది. ఆవిడకు బట్టలిచ్చినవాళ్ళకి ఒకటే తంటా. కుట్టడం అయిపోయినా ఓ పట్టాన ఇచ్చేది కాదు. అక్కడే తొడుక్కోవాలి, రెండు చేతులూ పైకెత్తాలి, కింద కూర్చుని లేవాలి. అద్దంలో చూసుకుని "బాగుందమ్మా" అంటే సరిపోదు. "అద్దానికేం తెలుసు, చంకలకి తెలుస్తుంది. చెయ్యెత్తు" అనేది. ఆఫీసరుగారైనా సరే, ఆ మెట్ల కింద చేతులెత్తి నిలబడాల్సిందే. ఆవిడ కుట్టిన బట్ట ఒంటికి అతికినట్టు ఉండేది. కుట్టుకీ కుట్టుకీ మధ్య గాలి కూడా దూరకూడదని ఆవిడ పంతం. ఆ పంతమే తరవాత ఆవిడ కొంప ముంచబోయింది.

అరవై దాటాక కళ్ళు మొరాయించాయి. దూరపువి ఫరవాలేదు, దగ్గరివి అలుక్కుపోతాయి. పొద్దు వాలిందంటే రెండూ లేవు. డాక్టరు పరీక్ష చేసి, ఉన్న చూపును కాపాడుకోవడమే తప్ప పోయింది తిరిగి రాదని చెప్పేశాడు. సూదిలో దారం ఎక్కించడానికి ఇంకొకరిని పిలవాల్సి వచ్చిన రోజున ఆవిడ ఎవరితోనూ చెప్పకుండా గదికి తాళం వేసి ఇంట్లోకి వచ్చేసింది.

"మంచి పని చేశావమ్మా. ఇక హాయిగా కూర్చో" అన్నాడు కొడుకు. వాడు వాహనాల విడిభాగాల దుకాణంలో పని చేస్తాడు, మంచివాడు, తల్లంటే ప్రాణం. కానీ కూర్చోవడం తెలియని మనిషిని హాయిగా కూర్చోమనడం కంటే పెద్ద శిక్ష లేదని ఈ మంచివాళ్ళకి ఎవరు చెప్పాలి? మంచం మీద కూర్చుంటే ఒకరు కంచం అందించి, ఒకరు మందులిచ్చి, దుప్పటి సర్దుతారు. పది రోజులు అలా గడిచేసరికి కత్తెరమ్మకి వణుకు పుట్టింది. చావంటే కాదు, ఆ మంచమంటే.

అందుకని కోళ్ళని తెచ్చుకుంది. ఆరు పెట్టలు. కోడిని చూడటానికి సూదిచూపు అక్కర్లేదు కదా. పెరట్లో పాత బట్టల బీరువాని అడ్డంగా పడేసి, ముందు సన్నతీగ వల కొట్టించి గూడన్నారు. పొద్దున్నే తలుపు తియ్యడం, నీళ్ళు మార్చడం, మేత వెయ్యడం, గుడ్లు ఏరడం. మళ్ళీ ఒక పనిమనిషైంది, అంటే పని ఉన్న మనిషైంది. కోడలు గుడ్లు ఎదురింటికి ఇచ్చి వస్తుంటే "మా కోళ్ళవని చెప్పు" అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పేది.

అలా సాగుతుండగా ఒక పొద్దున తలుపు తియ్యబోతే ఆ అవసరమే లేకపోయింది. సన్నతీగ వల ఒక మూల చీలి వేళ్ళాడుతోంది. లోపల రెండు కోళ్ళు చచ్చి పడున్నాయి. మిగతా నాలుగూ గోడ మీద బిక్కచచ్చి కూర్చున్నాయి, వాటిలో ఒకటి కాలు విరిగి కుంటుతోంది. ముంగిస పని. తిన్నది గోరంత, చంపింది కొండంత.

కొడుకు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "అమ్మా, ఇక వద్దు. ఊరి బయట నా స్నేహితుడికి తోట ఉంది. ఈ నాలుగూ వాడికి ఇచ్చేద్దాం. నీకెందుకీ బాధ?"

"బాధ లేకపోతే నేనేం చేస్తాన్రా పొద్దంతా?" అంది కత్తెరమ్మ.

వాడికి అర్థం కాలేదు. ఆవిడ విడమరిచి చెప్పలేదు. "గూడు నేను కడతాను. అది కూడా చెడితే నీ ఇష్టం" అంది. ఆ గొంతు వాడికి చిన్నప్పటి నుంచి తెలుసు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం అది. "సరే, ఈ ఒక్కసారే. ఇంకొక్క కోడికి ఏమైనా అయితే మాత్రం వీటిని తోటకి మోసుకెళ్ళడానికి బుట్ట తెస్తాను" అని దుకాణానికి వెళ్ళిపోయాడు.

గూడు కట్టడమంటే ఎవరైనా ముందు కర్రలు తెస్తారు. కత్తెరమ్మ టేపు తీసింది. కోళ్ళ కొలతలు తీసుకోవడం మొదలుపెట్టింది! కోడిని చంకలో ఇరికించుకుని రెక్కల వెడల్పు, కూర్చున్నప్పటి ఎత్తు, నిలబడ్డప్పటి ఎత్తు, మెడ చాచితే ఎంతొస్తుందో అన్నీ చూసింది. అంకెలు కనబడక టేపు మీద గోటితో నొక్కిపెట్టి కోడలి చేత చదివించింది. కోడలు ఆసుపత్రిలో నర్సు, రోగుల కొలతలు రాయడం అలవాటే, కానీ కోళ్ళవి ఎన్నడూ రాయలేదు.

"అత్తయ్యా, నడుము కూడా చెప్పమంటారా?" అంది నవ్వాపుకుంటూ.

"కోడికి నడుమెక్కడిదే, అంతా పొట్టే. సరిగ్గా చదువు."

తరవాత దళసరి కాగితాలు అతికించి, గూడు గోడల్ని ఉన్నంత సైజులో కత్తిరించి పెరట్లో పరిచింది. గాలికి లేవకుండా ఇటుకలు పెట్టింది. పక్కింట్లో ఇనపపని చేసే వెల్డింగు బాబాయి గోడ మీంచి తొంగిచూసి "ఏంటి వదినా, కోళ్ళకి కొత్త బట్టలా?" అని పడీపడీ నవ్వాడు. నవ్వడం అయ్యాక ఆ కాగితాల మీదే ఇనపచట్రం పెట్టి కొలిచి, వెలితి ఎక్కడా లేదని ఒప్పుకుని, పనిలోకి దిగాడు.

ముంగిసను అడ్డుకునే ఉపాయం కూడా ఆవిడ కుట్టుపనిలోంచే తీసింది. సన్నతీగ వల పనికిరాదు, అతుకులకి వెల్డింగు పెట్టిన దళసరి వల కావాలి. కన్నం చిటికెనవేలు కూడా దూరనంత చిన్నదిగా ఉండాలి. ముంగిస గోడ మొదట్లో తవ్వుతుంది కాబట్టి, వలని నేలదాకా దించి ఆపకుండా, పరికిణీ అంచులాగా బయటికి మడిచి, నేల మీద పరిచి, పైన మట్టి కప్పాలి. "తవ్వనీ. తవ్వినచోటల్లా వలే తగులుతుంది. ఇంకాస్త దూరం నుంచి తవ్వాలన్న తెలివి దానికుంటే అది ముంగిసే కాదు" అంది. తలుపుకి ఎత్తి జరిపితే గానీ రాని గడియ పెట్టించింది. మనిషి వెళ్ళడానికి పక్కన ఒక తలుపు, కోళ్ళు వెళ్ళడానికి ముందు చిన్న దారి, దానికో వాలుపలక.

ఇక్కడిదాకా బ్రహ్మాండం. ఇక్కడే ఆగుంటే ఈ కథే లేదు.

చచ్చిన రెండు కోళ్ళూ ఆవిడ కళ్ళముందే మెదులుతున్నాయి. ఎక్కడ చిన్న సందు చేతికి తగిలినా ఊరుకునేది కాదు. చట్రానికి బిగించిన గోడచెక్కల మధ్య సందుల్లో గుడ్డపేలికలు కూరింది. చాలలేదనిపించి గోడలకి లోపలివైపు టార్పాలిను లైనింగు వేసింది. పైకప్పు కింద ఉన్న ఖాళీని కూడా మడతపెట్టి మూసేసింది. చేత్తో తడిమి తడిమి చూసుకుని, గాలి కూడా దూరదని తేల్చుకుని, జీవితంలో ఇంత మంచి ఫిట్టింగు కుట్టలేదని ఆ పూట కడుపునిండా తింది.

ముంగిస దూరలేదు. నిజమే. గాలీ దూరలేదు.

వారం తిరక్కుండా కోళ్ళు నీరసించాయి. ముక్కుల్లోంచి గురగుర. కళ్ళ చుట్టూ నీరు. గుడ్లు ఆగిపోయాయి. పొద్దున తలుపు తీస్తే ఘాటు వాసన ముఖాన కొట్టేది. కొడుకు ముక్కు మూసుకుని లోపల చూసి, కోప్పడకుండా, అదే ఆవిడకి ఎక్కువ నొప్పి, మెల్లగా అన్నాడు. "ఆదివారం సాయంత్రం బుట్ట తెస్తానమ్మా. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. ఇక కాస్త విశ్రాంతి తీసుకో."

మళ్ళీ ఆ మంచం కళ్ళముందు కనబడింది కత్తెరమ్మకి.

మర్నాడు తెల్లవారుతుండగా కోడలు డ్యూటీకి బయల్దేరబోతూ పెరట్లో ఆరేసిన బట్టలు తీస్తోంది. గూట్లోంచి దగ్గు వినిపించింది. కోడి దగ్గు కాదు. పరిగెత్తుకెళ్ళి పక్క తలుపు తట్టింది.

"ఎవరు లోపల?"

"నేనేలే."

"అత్తయ్యా! మీరేంటి లోపల? బయటికి రండి!"

"ఉండవే. ఇప్పుడే కదా కూర్చున్నాను. ఇంకాస్త తెలియాలి."

నాలుగు కోళ్ళ మధ్య బోర్లించిన బకెట్టు మీద, తలుపు లోపలినుంచి లాక్కుని, అత్తగారు కూర్చుని ఉంది. కోడలు అరిచి గీపెట్టినా కదల్లేదు. కళ్ళు మండాలి, గొంతు పట్టాలి, ఎంతసేపటికి పడుతుందో చూడాలి. బట్ట తొడిగించి చెయ్యెత్తమన్నది ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళని. ఈసారి కోళ్ళు చెయ్యెత్తలేవు కాబట్టి తనే తొడుక్కుంది. చివరికి బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ధారలు కారుతున్నాయి, జుట్టు మీద కప్పునుంచి రాలిన నీటిచుక్కలు.

"వర్షం లేదు కదా, ఈ నీళ్ళెక్కడివి?" అంది కోడలు.

"వాటి ఊపిరే. పైకెళ్ళి, దారి లేక, మళ్ళీ వాటి నెత్తిమీదే పడుతోంది." కొంగుతో ముఖం తుడుచుకుంటూ కత్తెరమ్మ గూటిని ఎగాదిగా చూసింది. "చంకల్లో బిగుతు కుట్టానే అమ్మాయ్. నేను. ఇన్నేళ్ళు కుట్టి."

ఆవిడ కళ్ళనీళ్ళలో ఘాటువల్ల వచ్చినవెన్నో, సిగ్గువల్ల వచ్చినవెన్నో కోడలు అడగలేదు. ఆరోజు సెలవు పెట్టేసింది.

కుట్టు తప్పితే విప్పడానికి కత్తెరమ్మ ఎప్పుడూ వెనకాడలేదు. విప్పడానికి సిగ్గుపడేవాడు దర్జీపనికి పనికిరాడని అనేది. టార్పాలిను లైనింగు మొత్తం చింపి పారేసింది. పేలికలు లాగేసింది. పైకప్పుకి సరిగ్గా కింద, ఎదురెదురు గోడల్లో రెండువైపులా, మూర ఎత్తున చెక్కలు కోయించేసి, అక్కడ దళసరి వల బిగించమంది. వెల్డింగు బాబాయి నీళ్ళు నమిలాడు.

"వదినా, మొన్నేగా సందు ఉంటే చంపేస్తానన్నావు?"

"మొన్న నాకు భయం. ఇవాళ బుద్ధొచ్చింది. కొయ్యి."

అయితే గాలి కావాలని చెప్పి కోళ్ళ ఒంటికి చలిగాలి కొట్టకూడదు. దానికి ఆవిడ దారం తెచ్చింది. కనబడాలని ఎర్ర దారం, బాగా లావుది. కోళ్ళు కూర్చునే కర్ర దగ్గర ఒక ముక్క, పైన వల దగ్గర ఒక ముక్క వేలాడదీసి కోడలిని చూడమంది. పైదారం ఊగాలి, కిందిది కదలకూడదు. మొదట రెండూ ఊగాయి. కర్రని కిందికి దింపారు. మళ్ళీ చూశారు. ఇంకాస్త దింపారు. కింది దారం నిలకడగా నిలిచాకే ఆవిడ మేకు కొట్టనిచ్చింది.

ఆ కర్రనీ మార్చేసింది. గుండ్రటి సన్నకర్రని పట్టుకుని వేలాడితే కోడికి రాత్రంతా గోళ్ళు బిగుసుకుపోతాయని, నాలుగువేళ్ళ వెడల్పున్న చదును పట్టీ వేయించి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది అరచేతికి గుచ్చుకోనంత నునుపు చేసింది. కాళ్ళని పొట్టతో కప్పుకుని కూర్చోవాలి కోడి. అన్నీ ఒకే ఎత్తులో కూర్చోవాలి, లేకపోతే పైమెట్టు కోసం పొడుచుకు చస్తాయి, మనుషుల్లాగే. గుడ్లు పెట్టే పెట్టెలు కిందికి, చీకటి మూలకి జరిపి, ముందు చిన్న తెర కట్టింది. నేల మీద పొడి రంపపుపొట్టు మందంగా పరిచింది. కుంటికోడి కోసం వాలుపలక మీద అడ్డపట్టీలు దగ్గర దగ్గరగా కొట్టించింది.

రెండు రోజులకి గురగుర తగ్గింది. ఒక పొద్దున చూస్తే గూడు చుట్టూ మట్టి తవ్వేసి ఉంది. ముంగిస వచ్చి, అంచు పొడుగునా తవ్వి, ప్రతిచోటా వల తగిలి, విసిగి వెళ్ళిపోయింది. కొడుకు వంగి ఆ గోళ్ళగీతలు చూశాడు, లోపల నాలుగు కోళ్ళూ కులాసాగా ఉండటం చూశాడు. వాడి ముఖం విప్పారింది.

"గెలిచావమ్మా. ఇక బుట్ట మాట మర్చిపో."

ఇంకొకళ్ళయితే అక్కడితో చంకలు గుద్దుకునేవాళ్ళు. కత్తెరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎక్కడ గెలిచాన్రా? సాయంత్రమైతే ఒక్కటీ గూట్లోకి వెళ్ళడం లేదు. గోడెక్కి కూర్చుంటున్నాయి. చీకటి పడి వాటికి కళ్ళు కనబడకుండా పోయాక నీ పెళ్ళాం ఒక్కొక్కదాన్నీ ఎత్తి లోపల పెడుతోంది."

"పెడితే ఏమైంది? ఉంటున్నాయిగా."

"ఎత్తి పెడితే ఉండటం వేరు, ఇష్టపడి వెళ్ళి ఉండటం వేరు." ఆవిడ గొంతు ఒక్కసారి గట్టిపడింది. "నన్నూ అలాగే కదరా మంచం మీద పెట్టారు. ఉన్నాను కదా అని మీరనుకున్నారు."

కొడుకు తవ్విపోసిన మట్టిని కాలితో గుంటలోకి నెట్టాడు.

"ఆదివారమే అన్నావుగా. ఆదివారమే. వెలుతురు ఉండగా వాటంతట అవి వెళ్తే నావి. వెళ్ళకపోతే నేనే బుట్టలో పెట్టి ఇస్తాను. నువ్వు జాలిపడి ఉంచుకోమంటే మాత్రం నాకొద్దు."

కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నావమ్మా అని కొడుకు మొత్తుకున్నాడు, కోడలు నచ్చజెప్పింది, వెల్డింగు బాబాయి కూడా వచ్చి "వదినా, నేను కట్టిన గేట్లలోకి మనుషులే ఇష్టపడి వెళ్ళరు" అన్నాడు. వినలేదు. ఆ నాలుగు రోజులూ ఆవిడ చేసిందల్లా ఒకటే. పగలంతా గూడు తలుపులు బార్లా తెరిచి, మేత మొదట వాలుపలక మీద, తరవాత గుమ్మంలో, ఆపైన లోపల వేస్తూ, పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం. తరమలేదు, పట్టలేదు, అదిలించలేదు. అవి మెడలు లోపలికి చాచి, గింజ అందుకుని, ఘాటు గుర్తొచ్చినట్టు వెనక్కి గెంతేవి. ఆవిడ మళ్ళీ గింజ వేసేది.

ఆదివారం పొద్దు వాలింది. తల్లి మాట తీసెయ్యలేక కొడుకు బుట్ట తెచ్చి గోడవార పెట్టి, ఆవిడ పక్కన కింద కూర్చున్నాడు. ఆవిడకి అప్పటికే పెరడంతా మసకమసకగా ఉంది. గూడు ఒక నల్లటి ముద్ద, గోడ ఇంకో ముద్ద.

"నాకు కనబడదురా. నువ్వే చూసి చెప్పాలి. ఉన్నదున్నట్టు చెప్పు."

"చెబుతానమ్మా."

చాలాసేపు ఏమీ లేదు. తరవాత రెక్కల చప్పుడు. వాలుపలక మీద గోళ్ళు టకటకమన్నాయి. "ఎర్రపెట్ట వెళ్ళింది" అన్నాడు కొడుకు, వాడికి తెలియకుండానే గొంతు తగ్గించి. కాసేపటికి మరొకటి. దాని వెనకే ఇంకొకటి, ముందుదాన్ని తోసుకుంటూ. లోపల పట్టీ మీద సర్దుకుంటూ కుయ్‌కుయ్‌మన్నాయి.

"నాలుగోది?"

"కుంటిది. గోడ మీదే ఉంది."

"దిగుతోందా?"

"ఆలోచిస్తోంది."

వీధిలో దీపాలు వెలిగాయి. దోమలు లేచాయి. కొడుకు కోడిని చూస్తున్నాడు, అదిప్పుడు గోడ మీద ఒక నీడ. వాడికి బుట్ట మీద అసహ్యం పుట్టింది. ఆ కోడి దిగకపోతే తల్లి మాట తప్పదని వాడికి తెలుసు. లేచి వెళ్ళి దాన్ని కిందికి తోసెయ్యాలనిపించింది. తోస్తే అది వెళ్ళినట్టు కాదని కూడా ఇప్పుడు తెలుసు.

"ఇంకా వెలుతురు ఉందిరా?" అడిగింది కత్తెరమ్మ.

"ఉందమ్మా."

"నిజంగా?"

"బోలెడుంది. తొందరేం లేదు, కూర్చో."

ఆవిడ చెవి గోడవైపు తిప్పింది. ఎంతకీ ఏ చప్పుడూ లేదు. అప్పుడు ధబ్బుమని ఒక బరువు నేల మీద పడింది. కాస్త ఆగి, ఒక అడుగు గట్టిగా ఒక అడుగు మెల్లగా, వాలుపలక మీద అడ్డపట్టీలు ఒక్కొక్కటీ ఎక్కుతున్న చప్పుడు. లోపల మిగతావి గొణిగాయి, జరిగాయి, ఊరుకున్నాయి.

"వెళ్ళిందమ్మా!" కొడుకు ఆవిడ మోకాలు పట్టుకుని ఊపాడు. "అన్నీ వెళ్ళాయి. అన్నీ."

"అయితే తలుపెయ్యి."

వాడు లేచి గూటి దగ్గరికి వెళ్ళాడు. బుట్ట కాలికి తగిలి దొర్లింది. తలుపు దొరికింది గానీ గడియ దొరకడం లేదు. పైన తడిమాడు, పక్కన తడిమాడు, వేలు చెక్కకి రాసుకుని "అబ్బా" అన్నాడు.

స్టూలు మీంచి కత్తెరమ్మ నవ్వు వినిపించింది.

"ఏరా, బోలెడు వెలుతురుందన్నావు, గడియ కనబడటం లేదా?"